మీటర్లో షిల్లింగు

ఇలా రండి, దగ్గరికి జరిగి కూచోండి. అబ్బాయ్, ఆ టీవీ కట్టెయ్యి. అమ్మాయ్, నువ్వూ వంటింట్లోంచి రా తల్లీ, ఆ మాడిన గారెల్ని ఎవరూ ఎత్తుకుపోరు. ఈ గ్యాసు మంటలో చిటపటల్లేవు, నిప్పురవ్వల్లేవు, కబుర్లకి అంత కుదరదు గానీ బయట చలి మాత్రం అప్పటి చలే.

ఇందాక నువ్వు నీ పెళ్ళాన్ని ఓ మాటన్నావు చూడు. మాడిన గారె రెండు వేళ్ళతో పట్టుకుని, లైటుకేసి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "వావ్, బ్రిలియంట్" అన్నావు. అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. నవ్వి, పళ్ళెం తీసుకుని లోపలికెళ్ళింది. పది నిమిషాలైనా రాకపోతే నేను వెళ్ళి చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు. సింకు దగ్గర నిలబడి, కుళాయి తిప్పి, నీళ్ళకేసి చూస్తోంది.

నిన్ను తిట్టడానికి పిలవలేదురా. ఈ ఇంట్లో నిన్ను తిట్టే హక్కు అందరికంటే తక్కువ నాకే. సరిగ్గా ఆ మాటే, ఆ ఇంగ్లీషు మాటే, 1968 జనవరిలో నేను మీ తాతయ్యనన్నాను. ఆ ముచ్చట మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదు. ఇవాళ చెప్తాను.

ముందు నేనెక్కడి మనిషినో తెలియాలి. అమలాపురం దగ్గర పల్లెటూరు మాది. మా ఊళ్ళో కొబ్బరి తర్వాత బాగా పండేది వెటకారం. అన్నం తినడం నేర్చుకునే వయసులోనే అదీ నేర్చేసుకుంటాం. మా అమ్మమ్మ వీధి అరుగు మీద కూచుంటే ఆ దారిన పోయేవాళ్ళు ఒక మాట పడకుండా మలుపు తిరిగేవాళ్ళు కాదు. భోజనాలయ్యాక వచ్చిన చుట్టాన్ని "అప్పుడే వచ్చేశారేంటండీ? విస్తళ్ళు ఎత్తేశాక నింపాదిగా రావలసింది" అనేది. చుట్టం తక్కువ తిన్నాడా? "విస్తరెందుకండీ, మీ మాటలతోనే కడుపు నిండిపోద్ది, ఆయ్" అనేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు. అరగంటలో వేడన్నం, గడ్డపెరుగు వచ్చేసేవి.

పెళ్ళిళ్ళలో అయితే మాటలు చాలక పాటలే కట్టేవాళ్ళు. మగపెళ్ళివారు బంతిలో కూర్చోగానే ఆడపెళ్ళివారి తరఫు ఆడవాళ్ళు వియ్యపురాలి ముక్కు వంకర గురించీ, ఆవిడ తినే బూరెల లెక్క గురించీ రాగాలు తీసేవారు. మర్నాడు అవతలి వాళ్ళ వంతు. ఎవరూ అలిగేవారు కాదు. అలిగినా అలకపాన్పు ఎటూ ఉందాయె.

అందుకని ఆ మాటల్లో ఉన్న తేడాలన్నీ నాకు వేళ్ళమీద లెక్క. వేళాకోళం ఇద్దరూ నవ్వేది. పరాచికం బావామరదళ్ళ హక్కు. "నన్ను పిలవనే లేదే" అని మనసులో నొప్పి బయటపెట్టేది నిష్ఠూరం, దాని అడుగున ప్రేమ ఉంటుంది. చేసిన సాయాన్నో, ఎప్పటి తప్పునో తవ్వి తీసేది దెప్పు. గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడి పక్కవాడికి తగిలించేది ఎత్తిపొడుపు. ఇక వెటకారం ఉంది చూశారూ, అది నోటితో పొగుడుతుంది, గొంతుతో కొరుకుతుంది. ఇంగ్లీషులో సర్కాజం అంటారే, దాని మూలం గ్రీకు మాటట, కండ పీకడం అని అర్థమట. మీ తాతయ్య నిఘంటువు చూసి చెప్పారు. గ్రీకులు కూడా కోనసీమ మీదుగా వెళ్ళారేమో అన్నాన్నేను.

సరే, 1967 నవంబరులో నేనీ ఇంగ్లండు దేశం వచ్చాను. మీ తాతయ్య అంతకు ముందే వచ్చారు. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, జేబులో మూడు పౌండ్లతో దిగారు. అప్పట్లో మన ప్రభుత్వం మార్చుకోనిచ్చేది అంతే. నేనొచ్చిన నెలలోనే ఇక్కడి సర్కారు పౌండు విలువని 2.80 డాలర్ల నుంచి 2.40కి దించేసింది. మా అమ్మమ్మ గనక ఇక్కడుంటే "మా పిల్ల కాలు మహిమండీ" అనేది.

మాది నాటింగ్‌హామ్‌షైర్‌లో మాన్స్‌ఫీల్డు. చుట్టూ బొగ్గు గనులు. ఆస్పత్రిలో పెళ్ళైనవాళ్ళకి చోటు లేదంటే బారుగా ఉన్న ఇటుక ఇళ్ళలో ఒకటి అద్దెకి తీసుకున్నాం. గని కార్మికుల ఇళ్ళకి రాయితీ బొగ్గు వచ్చేది. లారీవాడు గుమ్మం ముందు రోడ్డు మీదే గుట్టగా పోసి పోయేవాడు, ఇంటివాళ్ళు పారలతో వెనక కొట్టంలోకి మోసుకునేవారు. మాకా రాయితీ లేదు. మా ఇంట్లో మెట్ల కింద కరెంటు మీటరు, దానికో చీలిక. అందులో షిల్లింగు బిళ్ళ వేసి మీట తిప్పితే లోపల ఖణేల్‌మని పడేది, కొంతసేపు దీపాలు వెలిగేవి. పౌండుకి ఇరవై షిల్లింగులు, షిల్లింగుకి పన్నెండు పెన్నీలు. చేతిలో షిల్లింగు లేకపోతే పౌండు నోటున్నా చీకట్లోనే.

పక్కింట్లో గని కార్మికుడి భార్య ఒక పెద్దావిడ, సన్నగా, పొడుగ్గా. నేను మొదటిసారి గుమ్మం దిగినరోజు గడ్డకట్టిన మంచు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని, అటూ ఇటూ ఊగుతూ నడుస్తున్నాను. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి "ఐ అప్, మి డక్!" అంది.

డక్ అంటే బాతని నాకు తెలుసు. బాతు నడక అంటే మా ఊళ్ళో ఏమిటో మీకూ తెలుసు. ఒళ్ళు మండిపోయింది. ముఖం నిండా నవ్వు పులుముకుని తెలుగులో "నువ్వు కొంగవే" అన్నాను. ఆవిడ ఇంకా సంతోషపడి "టా, మి డక్" అంది. అలా మూడు నాలుగు వారాలు రోజూ ఆవిడ నన్ను బాతనడం, నేనావిణ్ణి కొంగనడం. గెలుపు నాదే అనుకునేదాన్ని.

మీ తాతయ్యకి సర్జరీ అంటే ప్రాణం. మన డాక్టర్లకి అప్పుడు సులువుగా దొరికేవి వృద్ధుల వార్డులు, మానసిక వైద్యశాలలు, ఇక్కడి కుర్రాళ్ళు వెళ్ళని ఊళ్ళు. ఆయనకి ఎలాగో సర్జరీలో చిన్న ఉద్యోగం దొరికింది. అక్కడి పెద్ద డాక్టరు పేరూ ఆస్పత్రి పేరూ ఇప్పుడెందుకు, ఇద్దరూ పోయారు. డిసెంబరులో ఒకరోజు రౌండ్లలో ఆయన ఒక రోగి ఎక్స్‌రే అడిగాడట. మీ తాతయ్య ఇంకో భవనానికి పరిగెత్తి, మెట్లెక్కి, రొప్పుతూ తెచ్చారు. తెచ్చింది అదే రోగిది గానీ కిందటేడాదిది. పెద్ద డాక్టరు దాన్ని వెలుతురుకేసి ఎత్తి, తేదీ చూసి, "బ్రిలియంట్, డాక్టర్. అబ్సొల్యూట్లీ బ్రిలియంట్" అన్నాడట. చుట్టూ ఉన్న విద్యార్థులు నవ్వారు. మీ తాతయ్యా నవ్వి, "థాంక్యూ, సర్" అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఎంత సంబరపడ్డారనుకున్నారు! పెద్దాయన నలుగురిలో మెచ్చుకున్నారే అని నాకు ఆ రెండు మాటలూ పలకడం నేర్పించారు. ఆ రాత్రే నీలం రంగు ఏరోగ్రామ్ మీద మావయ్యగారికి ఉత్తరం రాశారు. బ్రిలియంట్ అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా రాసి, పక్కన తెలుగులో 'దేదీప్యమానం' అని అర్థం కూడా రాశారు.

జనవరిలో ఒకరోజు వరసగా రెండు రాత్రుల డ్యూటీ చేసి వచ్చారు. వెళ్ళేటప్పుడు ఒకే ఒక్క పని చెప్పాను, వచ్చేటప్పుడు షిల్లింగు బిళ్ళలు మార్చి పట్రమ్మని. మీటర్లో ఉన్నది ఎంతసేపొస్తుందో తెలీదు. కందిపప్పు దొరక్క పసుపు బఠాణీ పప్పు ఉడకేసి చారు కాచి, కోటు మీద శాలువా కప్పుకుని కూచున్నాను. రెండ్రోజుల్నుంచీ నాతో మాట్లాడిన మనిషి లేడు, ఆ కొంగ తప్ప. ఆయన తలుపు తీశారు. షిల్లింగులేవన్నాను. జేబులు తడుముకున్నారు. మర్చిపోయారు.

నేను నిలబడి, చేతులు కట్టుకుని, ఆయన నేర్పిన ఉచ్చారణలోనే అన్నాను: "బ్రిలియంట్, డాక్టర్. అబ్సొల్యూట్లీ బ్రిలియంట్."

నా మాట పూర్తయింది, దీపాలు ఆరిపోయాయి. రెండూ ఒకే క్షణంలో.

మా ఊళ్ళో అయితే ఈపాటికి అవతలి వాళ్ళు ఇంకోటి అనాలి. నేనెదురు చూశాను. ఏమీ రాలేదు. గోడ తడుముకుంటూ వెళ్ళి కుర్చీ వెతుక్కుని కూర్చున్న చప్పుడు మాత్రం వినపడింది. అరుగు మీద మాటంటే మన ముఖంలో నవ్వు అవతలి వాళ్ళకి కనపడుతుంది, చుట్టూ పదిమంది ఉంటారు, ఎవరో ఒకరు కలిపేస్తారు. ఆ చీకట్లో నా నవ్వు ఆయనకి కనపడలేదు. అసలు నవ్వానో లేదో నాకే గుర్తులేదు.

చాలాసేపటికి "నువ్వూ అదే అన్నావా" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆ వారమే ఒక జమైకా నర్సు ఆయన్ని పక్కకి పిలిచి, టీ కప్పు చేతికిచ్చి, "డాక్టర్, ఆరోజు ఆయన మిమ్మల్ని మెచ్చుకోలేదు. మీకు తెలియడం మంచిదని చెప్తున్నాను" అందట. అంతే. నవ్వలేదు, జాలీ పడలేదు, ఇంకెవరికీ చెప్పలేదు. "నన్ను చూసి నవ్వినవాళ్ళతో కలిసి నేనూ నవ్వానే" అన్నారు మీ తాతయ్య. కాసేపాగి, "నాన్నగారికి రాసేశాను కూడా" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. కొంగు కప్పుకుని పక్కింటి తలుపు కొట్టాను. ఆ పెద్దావిడ నా ముఖం చూసింది, మా కిటికీలో చీకటి చూసింది. "ఐ అప్, మి డక్" అంటూనే లోపలికెళ్ళి రెండు షిల్లింగులు తెచ్చి చేతిలో పెట్టింది. అంతటితో ఆగలేదు. తన పొయ్యిలోంచి ఎర్రటి నిప్పుల్ని ఇనప పారతో ఎత్తుకుని, మంచులో అడుగులో అడుగు వేసుకుంటూ మా ఇంటికొచ్చి, ఖాళీగా ఉన్న మా పొయ్యిలో పోసింది. మా ఊళ్ళోనూ అంతే కదా, అగ్గిపెట్టె లేనింటివాళ్ళు పిడక పట్టుకుని పొరుగింటికి నిప్పుకి వెళ్ళేవారు. మాన్స్‌ఫీల్డులో నిప్పు నా ఇంటికి తనే నడిచొచ్చింది.

ఆవిడ వెళ్ళాక ఆ మంట ముందు కూర్చుని "ఇంత మంచి మనిషి, నన్ను బాతని ఎందుకు వెక్కిరిస్తుందండీ" అనడిగాను. అంత బాధలోనూ మీ తాతయ్య పగలబడి నవ్వారు. ఈ జిల్లాలో డక్ అంటే బంగారం, తల్లి, నాయనా లాంటిదట. బస్సు కండక్టరు పోలీసుని కూడా డక్ అంటాడట. వార్డులో ముసలి రోగులు ఆయన్నీ అదే అంటారట. నేనేమో ఆవిణ్ణి నెలరోజులుగా కొంగంటున్నాను!

చూశారా ఈ చిత్రం? ఆయన వెటకారాన్ని పొగడ్త అనుకున్నారు. నేను ముద్దుమాటని వెటకారం అనుకున్నాను. ఆయనకి ఇంగ్లీషు నాకంటే ఎంతో బాగా వచ్చు, అయినా మోసపోయారు, ఎందుకంటే వాళ్ళింట్లో పొగడ్త పొగడ్తగానే ఉండేది. నాకు చిన్నప్పట్నుంచీ చెవిలో పడ్డది వేరు. దాంతో నిప్పులు మోసుకొచ్చే మనిషి మాటలో కూడా ముల్లు వెతుక్కున్నాను. వెటకారం అలవాటైనవాళ్ళకి వచ్చే జబ్బు ఇదేనర్రా, అనడం కంటే వినడం ఎక్కువ చెడుతుంది.

ఆ రాత్రి మీ తాతయ్య ఇంకో మాటన్నారు. "కర్ణుడికి ఒక్క శల్యుడే. నాకు ఆస్పత్రిలో ఒకడు, ఇంట్లో ఒకరా?"

శల్యసారథ్యం అనే మాట మీరు వినే ఉంటారు, కథ తెలియకపోవచ్చు. శల్యుడు మద్రదేశపు రాజు, నకుల సహదేవులకి మేనమామ. పాండవుల వైపు వెళ్తుంటే దారిలో దుర్యోధనుడు విందులు పెట్టి తన వైపు తిప్పుకున్నాడు. అప్పుడు ధర్మరాజు ఒక్కటే అడిగాడు, నువ్వు కర్ణుడి రథం తోలాల్సి వస్తే వాడి ఉత్సాహం నీళ్ళు కార్చెయ్యమని. పదిహేడో రోజు యుద్ధంలో శల్యుడు పగ్గాలు పట్టుకుని అదే పని చేశాడు. అర్జునుణ్ణి పొగడ్డం, కర్ణుణ్ణి తీసిపారెయ్యడం, హంసతో పందెం కట్టి సముద్రంలో పడిన కాకి కథ చెప్పడం. మా మావయ్యగారు తిక్కన భారతం చదివేటప్పుడు ఇక్కడ ఆగి ఒక మాట అనేవారట: శల్యుడు అబద్ధాలేం చెప్పలేదర్రా, అర్జునుడు గొప్పవాడే. కానీ ఆ మాట ఎక్కడ కూర్చుని చెప్పాడో చూడండి. శత్రువు రథంలోంచి అనుంటే కర్ణుడు బాణంతో జవాబిచ్చేవాడు. పగ్గాలు పట్టుకున్నవాడికి ఏ జవాబిస్తాడు?

"నేనన్నది నిజమేగా" అని మనం సమర్థించుకుంటాం. గారె మాడిన మాట నిజమే. షిల్లింగులు మర్చిపోయిన మాటా నిజమే.

ఆ రాత్రితో నేను మారిపోయానంటే అబద్ధం. నాలుక అరవై ఊళ్ళ నీళ్ళు తాగినా పుట్టిన కాలవ మర్చిపోదు. కానీ ఒక పని మొదలుపెట్టాం. వెటకారం నోటిదాకా వచ్చినప్పుడు దాన్ని తిరగేసి, అడుగున ఏముందో చూడటం. "ఇల్లు గుర్తుందా డాక్టరు గారికి?" అనాలనిపించేది. అడుగున చూస్తే, "రెండ్రోజులుగా తెలుగు మాట వినలేదండీ, కాసేపు కూచోండి" అని ఉండేది. "ఈ ఇంట్లో పనిమనిషిని నేనే కదా" అన్నదాని అడుగున, "ఈ బొగ్గు బకెట్ బరువుగా ఉంది, మీరు తేండి" అని ఉండేది. ఆయనకీ ఉండేవి. "కూర చాలా ఆరోగ్యంగా ఉందే" అనేవారు. అడుగున ఉన్నది "ఇంకాస్త కారం పడాలి" అని.

వినడానికి తేలిగ్గా ఉందా? చేసి చూడండి. నాకైతే కూచోండి అని అడగడానికి సిగ్గేసేది. వెటకారానికి దొడ్డిదారి ఉంది, దొరికిపోతే "ఊరికే అన్నాను, అంతలోనే కోపమా" అని జారుకోవచ్చు. మామూలుగా అడిగితే ఆ దారి మూసుకుపోతుంది. అవతలి మనిషి కుదరదంటే నిలబడి ఆ మాట పడాలి. ఆ భయంతోనే తెలివైనవాళ్ళంతా వెటకారం వెనక దాక్కుంటారని నా లెక్క. మొన్న కాకినాడ వెళ్ళినప్పుడు ఉప్పాడ జాందానీ కొన్నాను చూశారుగా, ఎటు తిప్పినా ఒకటే పువ్వు, వెనకవైపు వేలాడే దారాల్లేవు. అలాంటి నేత నెమ్మదిగా సాగుతుంది. మాటా అంతే.

జారినప్పుడల్లా ఆపడానికి మీ తాతయ్య ఒక మాట కనిపెట్టారు. నా గొంతులో ఆ సన్నాయి నొక్కు వినపడగానే, "మీటర్లో షిల్లింగు వెయ్యనా?" అనేవారు. మళ్ళీ చీకటి పడబోతోంది, చూసుకో అని. నేను ఒక్కోసారి నవ్వేదాన్ని, ఒక్కోసారి "వెయ్యండి, రెండు వెయ్యండి" అని ఇంకా మండిపడేదాన్ని. అయినా ఆ మాటతో చాలా సాయంత్రాలు గట్టెక్కాయి. 1971 ఫిబ్రవరి 15న షిల్లింగులూ పాత పెన్నీలూ లెక్కలోంచి పోయి, పౌండుకి వంద పెన్నీలయ్యాయి. షిల్లింగు బిళ్ళ మాత్రం 5 పెన్నీల కింద 1990 దాకా చెల్లింది. మా ఇంట్లో ఇప్పటికీ చెల్లుతుంది.

ఉత్తరాల్లో మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను. మా అక్క రెండు నెలలు ఉత్తరం రాయకపోతే, "మహారాణులకి మాలాంటి వాళ్ళకి రాసే తీరికెక్కడిదిలే" అని రాశాను. ఏరోగ్రామ్‌లో గొంతు వెళ్ళదు కదా. అప్పుడు దాని పిల్లాడికి టైఫాయిడ్. ఆ ఉత్తరం మంచం పక్కన కూర్చుని చదివిందట. జవాబు ఒక్క వాక్యం వచ్చింది, "మహారాణి క్షేమం." నా క్షమాపణ అక్కడికి చేరడానికి పది రోజులు, దాని కోపం చల్లారడానికి రెండేళ్ళు. మీ ఫోన్లలో మాట చిటికెలో వెళ్తుంది, గొంతు మాత్రం ఇప్పటికీ వెళ్ళదు. అంతకంటే నేను చెప్పేదేం లేదు.

ఆ 1968లోనే ఏప్రిల్ 20న బర్మింగ్‌హామ్‌లో ఈనాక్ పవెల్ వలస వచ్చినవాళ్ళకి వ్యతిరేకంగా ప్రసంగం చేశాడు. 1960 నుంచి 63 దాకా ఆరోగ్యమంత్రిగా ఉన్నవాడే, బయటి దేశాల డాక్టర్లతో ఆస్పత్రులు నడిచిన రోజుల్లో. ఆ తర్వాత కొన్ని నెలలు బస్సులో, దుకాణంలో వినపడ్డ మాటలకి వెటకారపు ముసుగు కూడా లేదు. అవి ఇంటి దాకా మోసుకొచ్చేవాళ్ళం. ఒకరోజు మీ తాతయ్య కోటు విప్పుతూ, "ఇవాళ బయట సరిపడా విన్నాను, లోపల కాస్త మెత్తగా మాట్లాడుకుందామా" అన్నారు. అలా నోరు తెరిచి అడగటం ఆయనకీ అప్పటికి వచ్చేసింది.

అలాగని మా ఇంట్లో హాస్యం చచ్చిపోయిందనుకోకండి. కారనేషన్ స్ట్రీట్ సీరియల్‌లో ఈనా షార్పుల్స్ జుట్టుకి వల కట్టుకుని పబ్బులో మూల కూర్చుని ఊళ్ళోవాళ్ళందర్నీ ఏకేస్తుంటే, మా అమ్మమ్మే లాంకషైర్‌లో పుట్టిందనుకుని మురిసిపోయేదాన్ని. 1975లో ఫాల్టీ టవర్స్ అనే సీరియల్ వచ్చింది. అందులో హోటలాయన భార్యనీ, బస చేసినవాళ్ళనీ మాటలతో కోస్తుంటే పడి పడి నవ్వాం. నవ్వాక మీ తాతయ్య "ఆ హోటల్లో ఒక్క రాత్రి ఉంటావా?" అనడిగారు. ఉండనన్నాను. వాళ్ళు తీసినవి మొత్తం పన్నెండు భాగాలేట. అంతమాత్రం చూసి నవ్వుకోవచ్చు. కాపురానికి భాగాల లెక్క లేదు కదా.

గురజాడ గారి గిరీశం లేకపోతే మనకి కన్యాశుల్కమే లేదు. వేమన్న ఎవర్ని వదిలాడు? కాస్త పెద్దవాళ్ళ మీదకీ, పాడు ఆచారాల మీదకీ ఎక్కుపెట్టిన వ్యంగ్యం లోకానికి మందు. అదే మందు పక్కమీద మనిషికి రోజూ పడితే ఏమవుతుందని నా గోల. మేలమాడండి, ఆటపట్టించండి. ఒక్కటి గమనించండి: మీరన్న మాటకి అవతలి మనిషి తిరిగి ఇంకోటి అన్నారా, నవ్వండి. నవ్వేసి లేచి వెళ్ళిపోయారా, వెనకాల వెళ్ళండి.

తర్వాత మీ తాతయ్య సర్జరీ వదిలేసి జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు అయ్యారు. మొగుడూ పెళ్ళాల గొడవలతో కడుపునొప్పి, తలనొప్పి తెచ్చుకునేవాళ్ళు వచ్చేవారు. వాళ్ళలో కొందరిని మ్యారేజ్ గైడెన్స్‌కి పంపేవారు. 1938లో మొదలైన సంస్థ అది, 1988లో రిలేట్ అని పేరు మార్చుకుంది. అక్కడ ఇద్దర్నీ కూర్చోబెట్టి, "నువ్వెప్పుడూ ఇంతే" అన్న మాటని "నాకిలా ఉంది" అన్న మాటగా మార్చుకోవడం నేర్పేవారట. "మన షిల్లింగేనే, వాళ్ళు డిగ్రీ పెట్టి ఇస్తున్నారు" అనేవారు. తన దగ్గరికి పని నేర్చుకోడానికి వచ్చిన కుర్ర డాక్టర్లని మాత్రం ఊరికే బ్రిలియంట్ అనేవారు కాదు. ఏం బాగా చేశారో చెప్పి, అప్పుడు అనేవారు. ఆ అమ్మ చెప్పేదంతా మధ్యలో ఆపకుండా విన్నావు, అందుకే రోగం దొరికింది, అదీ బ్రిలియంట్ అంటే. ఎక్స్‌రే తప్పు తెస్తే, తప్పు తెచ్చావు, సరైనది ఫలానా చోట ఉంటుంది అనేవారు. అంతే.

మావయ్యగారు 1981లో పోయారు. మేమెళ్ళి ఆయన పుస్తకాలు సర్దుతుంటే భారతంలో, సరిగ్గా కర్ణపర్వం దగ్గరో ఎక్కడో అంటే కథ బాగుండేది గానీ, నిజానికి పంచాంగాల కట్టలో ఆ నీలం ఏరోగ్రామ్ దొరికింది. మడతలు చిరిగితే గోధుమ రంగు కాగితం అతికించారు. బ్రిలియంట్ అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత. పోస్టుమాస్టరు దగ్గర్నుంచి చాకలి దాకా అందరికీ చదివి వినిపించారట. మీ తాతయ్య నిజం రాద్దామని ఎన్నోసార్లు కలం పట్టి మానేశారు. ఆరోజు ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. "ఆ మాట ఆయన నోట్లో విషం. నాన్న పెట్టెలో పధ్నాలుగేళ్ళుండి మంచిదైపోయింది" అన్నారు. అది ఇప్పుడు నా దగ్గరే ఉంది, రేపు పొద్దున చూపిస్తాను. ఇప్పుడు కళ్ళజోడు లేదు.

ఏమే అమ్మాయ్, టీ పెట్టావా? అదిగో, నా కథ అయ్యేలోపు చప్పుడు లేకుండా లేచెళ్ళి అందరికీ పెట్టుకొచ్చింది. తీసుకోండర్రా. ఒరేయ్, నీ కప్పు.

ఏంట్రా, ఒక్క గుక్క తాగి అలా ఆగిపోయావు? నోరు తెరిచి మూశావేంటి?

చూడండి చూడండి, వాడింకా ఏమీ అనకుండానే ఆ పిల్ల అడుగుతోంది: "ఏమండీ, మీటర్లో షిల్లింగు ఉందా?"

"ఉంది. పంచదారే లేదు" అన్నాడు వాడు. "కూచో, నేను తెస్తా. నీకెన్ని చెంచాలు?"